మొక్కు అందని పదవ ద్వారం

సూర్యోదయమై నాలుగు ఘడియలు గడిచింది. కరణపుర దుర్గం కొండ శిరస్సున నిలిపిన కెంపుల కిరీటంలా ప్రకాశిస్తున్నది. తామ్రవర్ణపు ప్రాకారాల మీద పతాకాలు రెపరెపలాడుతున్నవి. బురుజుల కొసన బంగారు కలశాలు మెరుస్తుంటే, అగడ్తలోని రాజహంసలు ఆ మెరుపుల ప్రతిబింబాలను రొమ్ములతో చీల్చుకుంటూ ఈదుతున్నవి. దారిన పోయే బాటసారి ఎవడైనా ఆ కోటలో సమస్తం క్షేమమనే తలుస్తాడు. ఘ్రాణద్వారం ముందు పూలవర్తకుల వరుసలో, తలమీద సంపెంగల గంపతో నిలబడిన యువకుడికి మాత్రం కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. అతడు మాటిమాటికీ తల వెనక్కు వంచి సూర్యుడు ఎంత ఎత్తుకు వచ్చినదీ చూసుకుంటున్నాడు.

అతడు ఆ రాజ్యపు యువరాజు రత్నాంగదుడు. దారిలో మూడు గుర్రాలు మార్చి, ఉత్తరపు సరిహద్దు నుండి ఆ వేకువనే వచ్చి చేరాడు. మంత్రి రహస్యంగా పంపిన లేఖ అతని నడికట్టులో ఉన్నది. తొమ్మిది రోజుల క్రిందట శుచిముఖుడనే మాంత్రికుడు సోమకేతు మహారాజు తలనొప్పికి చికిత్స చేస్తానంటూ కోటలో ప్రవేశించాడనీ, ఆ మరునాటి నుండి మధ్యాహ్న శంఖం మ్రోగే వేళకు రోజుకు ఒకటి చొప్పున మహారాజు ఇంద్రియాలు లుప్తమవుతున్నవనీ లేఖ చెప్పింది. ముక్కు, చర్మం, కాళ్ళు, నాలుక రుచి, చేతులు, కళ్ళు, ఇలా నిన్నటికి ఎనిమిది పోయినవి. వాక్కు ఒక్కటి మిగిలింది. నేటి శంఖంతో అదీ పోయిందంటే శుచిముఖుడు మహారాజు దేహాన్ని కుబుసంలా తొడుక్కుని సింహాసనం ఎక్కుతాడు. ఆపైన అతణ్ణి కాదనడం ఎవరి తరమూ కాదు.

కోటలో ప్రవేశించడం సులభం కాదు. కరణపురాన్ని కట్టించిన మూలపురుషుడు యోగి. దేహంలో ఇంద్రియాలు పది అనీ, వాటిలో ఐదు లోకాన్ని లోపలికి తెచ్చేవనీ, ఐదు లోపలిదాన్ని లోకంలోకి పంపేవనీ ఎరిగి, కోటకూ పది ద్వారాలు పెట్టించాడు. శ్రోత్రద్వారం గుండా వార్తాహరులు లోపలికి వస్తారు. జిహ్వాద్వారం గుండా ధాన్యం, ఘ్రాణద్వారం గుండా పువ్వులు వస్తవి. చాటింపు వేసేవారు వాగ్ద్వారం నుండి బయటికి వెళతారు. దానధర్మాలు పాణిద్వారం నుండి, సేనలు పాదద్వారం నుండి, పెళ్ళి పల్లకీలు ఉపస్థద్వారం నుండి. వచ్చే వాకిట పోరాదు, పోయే వాకిట రారాదు. పదవ ద్వారం మురుగునీటిది. దాని పేరు సభలో ఉచ్చరించే ఆచారం లేదు. శాసనాలలో సైతం ‘పదవది’ అని మాత్రమే చెక్కించారు.

రాజముద్రిక చేజిక్కిన నాడే శుచిముఖుడు తొమ్మిది ద్వారాలకూ ద్వారానికొక భూతాన్ని కావలి పెట్టాడు. ఘ్రాణద్వారపు భూతానికి కళ్ళు లేవు, చెవులు లేవు. ముఖమంతా రెండు నాసారంధ్రాలే, గుహల వంటివి. రత్నాంగదుడి వంతు రాగానే అది సంపెంగల గంపను పట్టించుకోక, అతని మెడ దగ్గర దీర్ఘంగా ఒక్క ఊపిరి పీల్చింది. వర్తకుడి వేషం, చింపిరి తలపాగా, మాసిన అంగీ వ్యర్థమైనవి. రాజవంశీకుల ఉగ్గుపాలలో అరగదీసే గంధం జీవితాంతం చర్మంలో నిలిచిపోతుందని ఆ భూతం ఎరుగును. రెండవ ఊపిరికి యువరాజు ముక్కులోనుండి సన్నని పొగ వంటిది వెడలి దాని రంధ్రాలలో కలిసిపోయింది. మూడవదానికి బురుజుల మీది భటులు కొమ్ములు ఊదినారు.

రత్నాంగదుడు గంపను భూతం ముఖాన విసిరి వెనుదిరిగాడు. బాణాలు భుజాల పక్కనుండి దూసుకుపోతుండగా వంతెన కమ్మీ ఎక్కి, అగడ్తలోకి దూకాడు. హంసలు చెదిరిపోయినవి. నీటి అడుగున ఏదో ప్రవాహం అతణ్ణి కాలు పట్టి ఈడ్చినట్లు ఈడ్చుకుపోయి, ప్రాకారం చుట్టూ త్రిప్పి, పడమటి వైపున ఎవరూ తొంగిచూడని ఒక మడుగులో పడవేసింది. అతని అంగీకి ఒక ఇనుప కొక్కెం తగులుకున్నది. వెదురుగడ చివరనున్న ఆ కొక్కెం అతణ్ణి గట్టుకు లాగింది.

గడను పట్టుకున్నది యాభై యేళ్ళ స్త్రీ. చీర మోకాళ్ళ పైకి బిగించి కట్టింది. నెరసిన జుట్టు ముడిలో ఒక చీపురుపుల్లను దోపుకున్నది. ఆమె పేరు పోలమాంబ. పదవ ద్వారాన్ని ఏడు తరాలుగా కాస్తున్న కుటుంబంలో చివరిది.

“ఈ పూట దుంగలు కూడా సంపెంగలు చుట్టుకుని వస్తన్నాయే,” అన్నదామె.

అతడు దగ్గుతూ, తాను సోమకేతు మహారాజు కుమారుణ్ణని చెప్పుకున్నాడు.

“అయితే అయినారులే బాబుగారూ. ముందు ఆ మింగిన నీళ్ళు కక్కండి. అవి మింగదగ్గ నీళ్ళు కావు.”

కక్కిన తరువాత ఆమె అతని ముఖంలోకి వింతగా చూసింది. ఇన్నేళ్ళలో ఈ గట్టుకు వచ్చి ముక్కు మూయనివాణ్ణి మొదటిసారి చూస్తున్నానన్నది. అప్పుడు గాని తన నుండి భూతం ఏమి పీల్చుకున్నదో రత్నాంగదుడికి తెలియలేదు. నల్లని మురుగు పక్కన కూర్చుని ఉన్నా అతనికి ఏ వాసనా తగలడం లేదు. విచారించే వ్యవధి లేదు. శంఖానికి ఏడు ఘడియలే ఉన్నవనీ, లోపలికి పోయే దారి చూపమనీ అడిగాడు.

పోలమాంబకు కోట లోపలి సంగతులు మంత్రి కంటె ఎక్కువే తెలుసు. ఏ ఇంట ఏమి వండినారో, ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరు పురిటి స్నానం చేశారో ఆమె మురుగునీటిని చూసి చెప్పగలదు. మహారాజు వంటశాల కడుగునీరు రాక నాలుగు దినాలయిందనీ, అంటే ఆయన రుచి పోయి అన్నం మానివేశారనీ చెప్పింది. రాణివాసపు జలమందిరం నుండి మాత్రం తెరపి లేకుండా చందనపు నీళ్ళు వస్తున్నవి. శుచిముఖుడికి మడి ప్రాణం. జపానికి ముందు ఒక స్నానం, తరువాత ఒక స్నానం. అతని మంత్రానికి బలమంతా ఆ మడిలోనే ఉన్నదట. దేహానికి రవంత మైల తగిలినా, నూటెనిమిది కడవలు పోసుకునేదాకా అతని నోట మంత్రం పలకదట. ఆ నీళ్ళతోపాటు రోజుకో రంగు ముగ్గుపిండి కొట్టుకువస్తున్నది. ప్రతి రంగుకూ ఒక ఇంద్రియం పోయింది. ఆ ఉదయం తెల్లపిండి వచ్చింది.

“ముగ్గు ఏసింది జలమందిరం నడిమి అరుగు మీద,” అన్నది పోలమాంబ. “అరుగు చుట్టూ కాలవ. కాలవ నీళ్ళన్నీ నా తూములోకే దిగాల. తూము మూసేస్తే ఏమవుద్దో మీరే ఆలోచించండి.”

“పైకి పొంగుతుంది,” అన్నాడు రత్నాంగదుడు, లేచి నిలబడుతూ. “ముగ్గును కడిగివేస్తుంది. అయితే ఇంతవరకు మూయలేదేమి?”

మూయవలసిన రాతిపలక సొరంగం లోపల, జలమందిరం క్రింద ఉన్నది. దాన్ని పట్టి ఉంచిన గొలుసు ఈపాటికి తుప్పుపట్టి బిగుసుకుని ఉంటుంది. ఒక్కతె వల్ల కాదు. పైగా సొరంగం వాకిట ఉన్న రాతితలుపు నీటిని బయటికి వదులుతుందే గాని, రాజవంశపు నుదురు గడపకు తాకనిదే మనిషిని లోపలికి పోనివ్వదు. కరణపురపు ద్వారాలన్నిటికీ అదే కట్టు. పట్టాభిషేకం నాడు రాజు ఏ గడపకు నుదురు ఆనిస్తాడో ఆ ద్వారం రాజముద్రికకు బద్ధమవుతుంది.

“మీ నాయనగారు తొమ్మిది గడపలకూ మొక్కారు. ఇక్కడికి మాత్రం వెండిపళ్ళెంలో పూలు పంపారు,” అన్నదామె. “మేము వాటిని ముక్కులో దోపుకోవాలనేమో మరి. ఆ తొమ్మిదీ ఇప్పుడు ముద్రికతో పాటు ఆ మాయలోడి చేతికి పోయినయ్యి. ఇది పోలా. ఆడు ఇటు తొంగి కూడా చూళ్ళా. శిష్యుణ్ణి పొమ్మన్నాడంట, ఆ శిష్యుడు ఇంకోణ్ణి పొమ్మన్నాడంట. ఎవరూ రాలా.”

రత్నాంగదుడు గడప వైపు చూశాడు. నాచు పట్టిన రాయి. దానిమీద తెట్టు కట్టినది ఏమిటో చెప్పనవసరం లేదు. కులదేవత సన్నిధిలో తప్ప ఎక్కడా వంగని నుదురు అతనిది. మురుగు తుడిచి, వస్త్రం పరచి, దానిమీద మొక్కితే చాలదా అని అడిగాడు.

“చాలుద్దేమో, తలుపునడగండి.”

వస్త్రం పరచి మొక్కాడు. తలుపు కదలలేదు. కోట లోపల తొమ్మిదవ ఘడియ గంట మ్రోగింది. అతడు తలపాగా తీసి భుజాన బిగించి కట్టుకుని, పరచిన వస్త్రాన్ని తానే లాగి పారవేసి, మోకాళ్ళ మీద కూర్చుని నుదుటిని ఆ రాతికి ఆనించాడు. ఆనించి, పోలమాంబ లెమ్మనేదాకా ఎత్తలేదు. ఆమె లెమ్మనడానికి కొంత సేపు పట్టింది. అప్పటికే రాతితలుపు గొంతు సవరించుకున్నట్లు గరగరమంటూ లోపలికి తెరుచుకున్నది.

సొరంగం నడుము వంచితే గాని పట్టనంత ఇరుకు. పోలమాంబ ముందు, యువరాజు వెనుక. పది బారలు పోయేసరికి వెలుతురు ఆగిపోయింది. గోడలకు అక్కడక్కడ ఇనుప కడియాలు దిగవేసి ఉన్నవి. శుచిముఖుడు ఒక స్నానం ముగించిన ప్రతిసారీ పైనుండి నీటిగోడ ఒకటి ఉరికివస్తుంది; ఆ వేళకు కడియం చేతిలో లేనివాడు మడుగులో తేలుతాడు. స్నానానికి స్నానానికి నడుమ తన అడుగులు నూట ఇరవై అని ఆమె ఈ రోజుల్లో గట్టు మీద నడుస్తూ లెక్కగట్టింది. నూట పదకొండవ అడుగున కడియం పట్టుకోమన్నది. పట్టుకున్నాడు. నీటిగోడ వచ్చి అతణ్ణి గాలిలో పతాకంలా ఆడించి పోయింది. మళ్ళీ నడిచారు. రెండవ గోడ వచ్చినప్పుడు చేతిలోని కడియమే ఊడి వచ్చింది. పోలమాంబ వెదురుగడ కొక్కెం మరల అతని అంగీని పట్టుకున్నది. ఒకే దినాన రెండుమార్లు ఒకే చేపను పట్టడం తన వంశంలో లేదని ఆమె చీకట్లో గొణుక్కున్నది.

మూడవ గోడ దాటిన వెంటనే చేతికి గొలుసు తగిలింది. పైన పలక వేలాడుతున్నది. ఇద్దరూ లాగారు. తుప్పు పెచ్చులు రాలినవే గాని గొలుసు కదలలేదు. అప్పుడే పైన నూటెనిమిది కడవల చివరి స్నానం మొదలయింది. వాక్కును హరించే జపానికి ముందు చేసేది అదే. నీరు ఈసారి గోడగా రాలేదు, నదిగా వచ్చింది. పోలమాంబ కడియాన్ని కావలించుకున్నది. రత్నాంగదుడు గొలుసుకు వ్రేలాడుతూ నీటి నడుమ నిలిచాడు. కళ్ళకు చీకటి తప్ప లేదు. చెవుల నిండా ప్రవాహపు హోరు. పెదవులు తెరిస్తే మురుగు. చలికి చర్మం మొద్దుబారింది. ముక్కు పొద్దుటే పోయింది. లోకాన్ని లోపలికి తెచ్చే ఐదూ చేతులెత్తేసిన ఆ క్షణాన, అతనికి మిగిలినవి రెండు చేతులు, రెండు కాళ్ళు. కాళ్ళను గోడకు తన్నిపెట్టి, దేహం బరువంతా గొలుసు మీద వేసి, అతడు విల్లులా వెనుకకు వంగాడు. గొలుసు తెగింది. పలక పిడుగులా దిగింది. అయితే అడుగున జానెడు సందు మిగిలిపోయింది. నీరు ఆ సందులోనుండి ఈటెలా చిమ్ముతున్నది. అతడు భుజాన ఉన్న తలపాగాను ఉండచుట్టి సందులో కుక్కి, వీపును పలకకు ఆనించి కూర్చున్నాడు. ఏడు మూరల చింపిరి బట్ట, కుచ్చులతో సహా, పదవ ద్వారపు మురుగును పీల్చుకుంటూ ఉబ్బిపోయింది.

పైన జలమందిరం చలువరాతి స్తంభాలతో, స్ఫటికపు జాలీలతో, ధూపపు పొగలతో ఇంద్రసభను తలపిస్తున్నది. నడిమి అరుగు మీద ముగ్గుతో వేసిన పద్మం ఉన్నది. దళాలు తొమ్మిది వేశాడు. పదవదాని చోటును మడిబట్ట కప్పి వదిలివేశాడు శుచిముఖుడు. ఎనిమిది దళాలలో ఎనిమిది స్ఫటికపు భరిణలు. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క వెలుగు కొట్టుకులాడుతున్నది. తొమ్మిదవ భరిణ ఖాళీగా నోరు తెరుచుకుని ఉన్నది. దాని ఎదుట దంతపు పీఠంలో సోమకేతు మహారాజు చూడలేక, వినలేక, కదలలేక కూర్చుని, తన వాక్కును తానే వినకుండా ఒకే మాట పదేపదే అంటున్నాడు: “రత్నాంగదా.”

శుచిముఖుడు చివరి కడవ పోయించుకుని, తెల్లని పట్టు కట్టి, కాలివేళ్ళ కొనల మీద నడుస్తూ పద్మం ముందుకు వచ్చాడు. శిష్యుడు శంఖం నోటికి ఆనించుకున్నాడు. అప్పుడు అరుగు చుట్టూ ఉన్న కాలువ ఒకసారి గుటక వేసింది. దిగిపోవలసిన నీరు నిలిచింది. నిలిచిన నీరు పైకి లేచింది. చందనపు నీటి వెనుక, కోటలోని వంటశాలలవి, అశ్వశాలలవి, ఇంకా చెప్పరాని చోట్లవి, దారి మూసుకుపోయిన నీళ్ళన్నీ నల్లగా ఎదురెక్కి వచ్చినవి. తెల్లదళం మొదట కరిగింది. తరువాత పచ్చది, ఎర్రది. ఎత్తిన మంత్రాన్ని అతడు ముగించేవాడే; కాని ఆ నల్లని తడి అతని కుడికాలి బొటనవేలికి తగిలింది. మంత్రం అతని నాలుక మీదనే ఎండిపోయింది. మడి చెడింది. కడవల వైపు చేయి చాచాడు. నూటెనిమిదీ ఖాళీ.

దళాలు కరిగిన కొద్దీ భరిణలు పగిలినవి. వెలుగులు తూనీగల్లా లేచి మహారాజు దేహంలో దూరినవి. ఏడు దూరినవి. ఎనిమిదవ భరిణను, కళ్ళ వెలుగు ఉన్నదాన్ని, పగలకముందే శుచిముఖుడు పట్టుకొంగుతో అందుకుని, చాళ్ళుగా పారే మురుగులో ఒంటికాలి మీద కుంటుకుంటూ, శిష్యుణ్ణి తోసుకుని పరుగెత్తాడు.

పలక మీది ఒత్తిడి తగ్గిందని గ్రహించి రత్నాంగదుడు తలపాగాను ఊడబెరికాడు. ఇద్దరూ పక్కనున్న ఇటుకల నూతిమెట్లు ఎక్కి జలమందిరపు ముంగిట తేలారు. ద్వారాల దగ్గరి భూతాలు పద్మంతోపాటే కరిగిపోతున్నవి. పైకి వచ్చిన మూడవ అడుగులో యువరాజు హఠాత్తుగా ఆగిపోయి, స్తంభం పట్టుకుని వంగిపోయాడు. అతని ముక్కు అతనికి తిరిగి వచ్చింది.

“ఇప్పుడు తెలిసిందా బాబూ,” అన్నది పోలమాంబ.

మహారాజు పీఠం మీదనుండి లేచాడు. చేతులు, కాళ్ళు, చెవులు, ముక్కు తిరిగి వచ్చినవి; కళ్ళు రాలేదు. అడుగుల చప్పుడు విని కుమారుణ్ణి గుర్తుపట్టి, మరుక్షణమే ముఖం పక్కకు త్రిప్పుకున్నాడు. పరిచారకులు వేడినీళ్ళ కొప్పెరలు తెచ్చారు. మాంత్రికుడు శ్యామవేణీ నది వైపు పరుగెత్తాడనీ, నదిలో నూటెనిమిది మునకలు వేశాడంటే అతని మంత్రం మళ్ళీ లేస్తుందనీ, మహారాజు కళ్ళు ఇక దక్కవనీ మంత్రి వచ్చి చెప్పాడు. ముందు స్నానం చేసి వెళ్ళు నాయనా అన్నాడు మహారాజు.

“వద్దు బాబూ,” అన్నది పోలమాంబ, కొప్పెరకు అడ్డంగా వెదురుగడ పెట్టి. “ఈ మైల మీ ఒంటిమీద ఉన్నంతసేపూ ఆడి మంత్రం మిమ్మల్ని అంటుకోదు. ఆడే అంటుకోలేడు. కవచం ఇప్పుకుని యుద్ధానికి ఎవరన్నా పోతారా?”

ఆ గొంతు ఎవరిదని మహారాజు అడిగాడు. పదవ ద్వారపాలకురాలిదని రత్నాంగదుడు చెప్పాడు.  మహారాజు తడుముకుంటూ మెట్ల వైపు నడిచి, తన చేయి పట్టి ఆ గడప దగ్గరికి తీసుకుపొమ్మని ఆమెను అడిగాడు. పళ్ళెం అవసరం లేదని కూడా అన్నాడు.

రత్నాంగదుడు అది చూడడానికి ఆగలేదు. పాదద్వారం దగ్గర సిద్ధంగా ఉన్న గుర్రం అతని వాసనకు ముట్టె పక్కకు త్రిప్పి, వెనుకకాళ్ళ మీద లేచింది. అతడు జూలు పట్టి ఎక్కాడు. రాళ్ళ బాట, చెరకుతోటలు, ఇసుకమేటలు వెనుకకు ఎగిరిపోయినవి. ఎదురైన జనం ముక్కులు మూసుకుని దారి ఇచ్చారు. నది కనిపించింది. ఆవలి గట్టున నిర్మలమైన మడుగు. అందులో మోకాళ్ళ లోతున తెల్లని పట్టువస్త్రం. శుచిముఖుడు భరిణను ఒక రాతిమీద పెట్టి, అప్పుడే మొదటి మునక వేసి లేస్తున్నాడు.

నడుమ శ్యామవేణి పారుతున్నది. వంతెన లేదు, ఉన్న ఒక్క పడవ శుచిముఖుణ్ణి దాటించి ఆవలి గట్టునే ఉండిపోయింది. నిలువెత్తు స్వచ్ఛమైన నీరు, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టగలిగేటంత తేట. ఈది ఆవలికి చేరేసరికి ఒంటిమీది మైలంతా కొట్టుకుపోతుంది. నిరాయుధుడై ఆ మంత్రం ఎదుట నిలవాలి. ఆవల రెండవ మునక పడింది. మూడవది పడింది.

రత్నాంగదుడు గుర్రం దిగాడు. జీను వెనుక కట్టి తెచ్చిన తలపాగాను విప్పాడు. కుచ్చుల చివరలనుండి నల్లని చుక్కలు ఇంకా కారుతూనే ఉన్నవి. దానిని ముద్దగా చుట్టి, నీటికి రవంత కూడా తగలకుండా ఎడమచేత తలకంటె ఎత్తుగా ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో ఈదడానికి అతడు శ్యామవేణిలోకి దిగాడు.